రాసివ్వని ఆర్డరు

కాన్పు చేసిన నర్సు ఆ బిడ్డను ఎత్తుకుని తలుపు దాటి బయటికి రాకూడదు. ఆమె పుట్టిన పేట అందుకు అడ్డం. బందరులో నేను పనిచేసిన ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఇదీ పద్ధతి. దాన్ని ఎవరూ రాయలేదు. ఎవరూ సంతకం పెట్టలేదు. అయినా పూటపూటా అమలు జరిగింది. ఆ తలుపుకి కాపలా ఉన్నది నేను.

ఇరవై రెండేళ్ళు సైన్యంలో ఉన్నాను. హవల్దారుగా రిటైరయ్యాను. ఆ సంగతులు చెప్పమంటారు అందరూ. తుపాకీ ఎంత బరువు, కొండ మీద నీళ్ళు గడ్డకడితే ఏం తాగుతారు, ఇవే ప్రశ్నలు. నా ఆఖరి పోస్టింగు బందరులో లేబర్ రూం తలుపు అంటే నవ్వుతారు. నవ్వండి. కొండ మీద రాని కోపం నాకు అక్కడ వచ్చింది. అందుకే దీన్ని రాస్తున్నాను. నేను చదివింది ఏడో తరగతి. మిగతాదంతా సైన్యంలో కాగితాలు చూసి, ఇంటికొచ్చాక పేపరు చదివి నేర్చుకున్నది. తప్పులుంటే సర్దుకోండి. జరిగినదాంట్లో మాత్రం తప్పు లేదు.

వానాకాలం మొదట్లో, ఒక సోమవారం చేరాను. అవనిగడ్డలో ఐదూ నలభైకి బస్సెక్కాను. ఏడూ పదికి బందరు బస్టాండులో దిగాను. ఉక్క. సముద్రం మీంచి ఉప్పుగాలి. ఒక ట్రంకు పెట్టె, ఒక దుప్పటి. ఎనిమిదింటికి రిపోర్టు చేశాను. ఎనిమిదిన్నరకి సామాను ఇచ్చారు. నీలం చొక్కాలు రెండు, నల్ల ప్యాంట్లు రెండు, బెల్టు, విజిలు, లాఠీ, వాకీటాకీ ఒకటి, రూళ్ళ రిజిస్టరు ఒకటి. చొక్కా ఒక సైజు చిన్నది. రెండేళ్ళ కాంట్రాక్టు అయ్యేదాకా చిన్నదే.

ఇక స్థలం సంగతి. నాలుగంతస్తులు. లిఫ్టు ఒకటి. అది రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆగేది. వెనక ర్యాంపు. మొదటి అంతస్తుకి ఇరవై రెండు మెట్లు. కారిడారు చివర లేబర్ రూం. రెండు రెక్కల తలుపు. అద్దాలకి లోపలినుంచి తెల్లరంగు పూశారు. రెక్కలకి స్ప్రింగులు, వదిలేస్తే వాటంతటవే మూసుకుంటాయి. ఎదురుగా ఇనప బెంచీలు నాలుగు. పన్నెండు మందికి చోటు. ఏ పూట చూసినా ముప్పై మంది ఉండేవాళ్ళు. నాకు కుర్చీ లేదు. అడిగితే, గార్డు కూర్చుంటే చూడ్డానికి బాగుండదన్నారు.

ఆర్డర్లు ఇచ్చింది ఏఓ గారు. అంటే ఆసుపత్రి పరిపాలన చూసే ఆఫీసరు. నలభై ఏళ్ళుంటాయి, ఎప్పుడూ నవ్వు మొహమే. గుడివాడ మనిషి.

"మూడే రూల్సు బాబాయ్ గారూ. పేషెంటుకి ఇద్దరే. చెప్పులు బయట. లోపలి విషయం ఏదీ మన నోటితో చెప్పకూడదు, పాపా బాబా అనేది కూడా."

"సరేనండి."

నేను మెట్లెక్కుతుంటే వెనక నుంచి ఇంకొకటి వేశారు. "అన్నట్టు, బిడ్డని బయటికి శ్రీదేవి సిస్టర్ తెస్తుంది. ఆమె లేకపోతే నన్నడగండి."

మొదటి మూడూ టైపు చేసి గోడకి అంటించి ఉన్నాయి. నాలుగోది లేదు. అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు.

మూడో రోజు అర్థమైంది. ఉదయం పదకొండుకి లోపల బిడ్డ ఏడ్చింది. పది నిమిషాలకి తలుపు రెక్క జానెడు తెరుచుకుంది. ఆ సందులోంచి రెండు చేతులు, వాటిలో తెల్లగుడ్డలో చుట్టిన బిడ్డ. శ్రీదేవి సిస్టర్ నర్సుల బల్ల దగ్గరినుంచి లేచి వచ్చి ఆ చేతుల్లోంచి బిడ్డను అందుకుంది. తలుపు మూసుకుంది. ఆమె నాలుగడుగులు నడిచి, "బాబండీ," అంది. బెంచీల మీది బంధువులు లేచి ఆమె చేతిలో బందరు లడ్డూల డబ్బా పెట్టారు. ఫోటో తీసుకున్నారు. కాన్పు చేసింది ఈవిడే అనుకుని దండం కూడా పెట్టారు. శ్రీదేవి తల దించుకుంది.

తలుపు వెనక ఉండిపోయిన చేతులు ఎస్తేరు సిస్టర్‌వి. నాగాయలంక దాటాక ఉండే ఊళ్ళో, చర్చి పక్క పేటలో పుట్టిన మనిషి. లేబర్ రూంలో పదకొండేళ్ళ అనుభవం. డాక్టరు మేడం గారే కష్టమైన కాన్పు వస్తే "ఎస్తేరు ఉందా?" అని అడిగి మరీ చేతికి గ్లవ్స్ వేసుకునేది.

టీ దగ్గర శ్రీదేవిని అడిగాను.

"నన్నడక్కండి బాబాయ్ గారూ," అంది. "పెదనలో మగ్గం చప్పుడు మధ్య పెరిగినదాన్ని. ఇక్కడికొచ్చి రెండేళ్ళు కాలేదు. కాన్పు పని ఇంకా ఎస్తేరక్క దగ్గర నేర్చుకుంటున్నా. నన్ను పెట్టింది మోయడానికి."

ఎస్తేరుని కూడా అడిగాను. ఆమె గ్లాసు కడుక్కుంటూ, "మీకు కొత్త బాబాయ్ గారూ. నాకు పాతే," అంది. గ్లాసు బోర్లించి, "పదకొండేళ్ళలో ప్రతి తల్లి మొహం చూశాను, ఒక్క నానమ్మ మొహం చూడలేదు. బిడ్డని చూసినప్పుడు వాళ్ళ మొహం ఎలా ఉంటుందో మీరే చూస్తారు రోజూ. ఎలా ఉంటుంది?" అంది.

నేను టీ గ్లాసు పట్టుకుని తలుపు దగ్గరికి వెళ్ళిపోయాను.

ఏఓ గారిని అడిగితే దాపరికం లేకుండా చెప్పారు. "మొదట ఎత్తుకున్నవాళ్ళ బుద్ధులు బిడ్డకొస్తాయని మనవాళ్ళ నమ్మకం కదండీ. ఎవరి చేత తేనె నాకించాలా అని నెలల ముందే ఆలోచించుకుంటారు. మనమెందుకు ఇబ్బంది పెట్టడం? కస్టమర్ కంఫర్ట్."

"ఎవరైనా అడిగారా? ఫలానా సిస్టర్ వద్దని?"

"అడిగేదాకా తెచ్చుకుంటామా?"

"అయితే ఎవరూ అడగలేదు."

"మీరు మిలటరీ వాళ్ళు బాబాయ్ గారూ. ఇది సర్వీసు."

ఆయన నాకంటే పాతికేళ్ళు చిన్న. ఆయన గదిలో ఏసీ. గోడకి ఇంగ్లీషులో 'అందరికీ సమాన సేవ' అని ఫ్రేము కట్టి ఉంది. సేవ అందరికీ సమానమేనట. చేసేవాళ్ళ మాట ఫ్రేములో లేదు.

కింద గేటు దగ్గర నా జతగాడు చిలకలపూడి మనిషి. ముందు రోల్డుగోల్డు పని చేసేవాడు. యాసిడ్ పొగకి ఊపిరి పట్టక మానేసి గార్డుగా చేరాడు. వాకీటాకీలో అతని పేరు గేటు టూ. ప్రతి మాట చివరా 'ఓవర్' అనమంటే 'ఉంటానండి' అనేవాడు. అతనికీ సంగతంతా ముందే తెలుసు.

"మా పనిలో కూడా ఇంతేనండి హవల్దార్ గారూ. లోపల మోసేదంతా రాగి. మెడలో మెరిసేది పైపూత. ఉంటానండి."

నాకు నవ్వు రాలేదు. నాకు సువార్తమ్మ గుర్తొచ్చింది.

మా ఊళ్ళో డెబ్భై ఏడు ఉప్పెనకి ముందు పుట్టిన సగం మందికి బొడ్డు కోసింది సువార్తమ్మ. ఊరి బయట పేటలో ఉండేది. నొప్పులు మొదలైతే ఏ వేళైనా మనిషిని పంపేవాళ్ళు. ఆమె దొడ్డివైపు నుంచి వచ్చేది. బిడ్డను భూమ్మీదికి తెచ్చేది. దొడ్డివైపు నుంచే వెళ్ళేది. ఆమె నడిచిన దారిలో మా నాయనమ్మ పసుపునీళ్ళు చల్లేది. నాకు బొడ్డు కోసింది కూడా ఆవిడే. మా చెల్లెలు పుట్టినప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. ఆ పసుపునీళ్ళ చెంబు పట్టుకుని నాయనమ్మ వెనక నడిచింది నేనే. సువార్తమ్మ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. ఇప్పుడు ఆ దొడ్డి గుమ్మాన్నే పీకి తెచ్చి, స్ప్రింగులు బిగించి, మొదటి అంతస్తులో పెట్టారు. దానికి కాపలాగా నన్ను పెట్టారు. అప్పుడు చెంబు, ఇప్పుడు లాఠీ.

సైన్యం కడిగిన ముత్యమని నేను చెప్పను. అక్కడా వంటశాల దగ్గర గుసగుసలుండేవి, ఎవరి పళ్ళెం ఎవరు కడగాలని. కానీ ఆర్డరు కాగితం మీద ఉండేది. తప్పుడు ఆర్డరైతే ఎవరి తప్పో కింద సంతకం చెప్పేది. ఇక్కడ సంతకం లేదు. అందరూ చేస్తారు, ఎవరూ చెప్పలేదంటారు. దీన్ని పట్టుకోవడం ఎలా?

నాకు తెలిసిన పని ఒకటే. రాయడం. ఆ రోజునుంచి రిజిస్టరులో రాయడం మొదలుపెట్టాను. "పదకొండు రెండు. కాన్పు చేసినది ఎస్తేరు సిస్టర్. పదకొండు పద్నాలుగు. బిడ్డను తెచ్చినది శ్రీదేవి సిస్టర్. కారణం: నోటిమాట." రోజూ ఇదే. ఒక్కోరోజు నాలుగుసార్లు. అదే రాత గదికెళ్ళి నా నోటుబుక్కులో కూడా ఎక్కించేవాణ్ణి. ఆసుపత్రి రిజిస్టరు ఆసుపత్రిదే కదా, మాయమయ్యే వస్తువు.

చలికాలంలో ఒక కార్యక్రమం పెట్టారు. పెద్ద గుర్తింపేదో రావాలంటే సిబ్బందికి శిక్షణ ఇచ్చినట్టు కాగితం ఉండాలట. విజయవాడ నుంచి ఒక మేడం వచ్చింది. విషయం: పనిచేసే చోట వైవిధ్యం, అందరినీ కలుపుకుపోవడం. మేడ మీద హాల్లో పదింటి నుంచి పన్నెండున్నర దాకా. తెరమీద బొమ్మలు. అన్ని రంగుల చేతులు ఒకదానిమీద ఒకటి వేసుకున్న బొమ్మ అరగంట అలాగే ఉంది. తర్వాత అందరం వరసగా నిలబడి పక్కవాళ్ళ పండగ పేరు చెప్పాలి. చెప్పాం. చప్పట్లు. కేకు కోశారు. ప్రశ్నలుంటే అడగమంది.

నేను లేచాను. "అమ్మా, మీరు చెప్పింది బాగుంది. లేబర్ రూంలో బిడ్డను కాన్పు చేసిన సిస్టరే బయటికి తేవచ్చా?"

మేడం ఏఓ గారి వైపు చూసింది. ఏఓ గారు కేకు వైపు చూశారు.

"మంచి ప్రశ్న సార్," అంది ఆవిడ. "దీన్ని మనం విడిగా మాట్లాడుకుందాం."

విడిగా ఎవరూ మాట్లాడలేదు. నాలుగింటి బండికి ఆవిడ వెళ్ళిపోయింది.

ఇంకో ఘనకార్యం ఉంది. అదే రోజు మధ్యాహ్నం ఆసుపత్రి ప్రచార పుస్తకం కోసం ఫోటోలు తీశారు. లేబర్ రూం తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచి, పూలదండ కట్టి, నర్సు బిడ్డతో బయటికొస్తున్నట్టు ఒక ఫోటో కావాలన్నారు. అన్ని రకాలవాళ్ళూ పుస్తకంలో ఉండాలని పైనుంచి చెప్పారట. ఎస్తేరుని నిలబెట్టారు. చేతుల్లో పెట్టింది బొమ్మ. రబ్బరు బొమ్మ. "నవ్వండి సిస్టర్, బిడ్డని ఇంకొంచెం పైకి," అంటున్నాడు ఫోటోగ్రాఫరు.

తీయడం అయ్యాక ఎస్తేరు ఆ బొమ్మను నా రిజిస్టరు మీద పెట్టింది. "ఇది కూడా రాయండి బాబాయ్ గారూ. రెండూ ఇరవై. తలుపు దాటింది," అంది.

రాశాను.

అసలు రోజుకి వస్తాను. వాయుగుండం. వాన మూడో రోజు. పెదన రోడ్డు మీద మోకాలి లోతు నీళ్ళు. ఎనిమిదింపావుకి గేటు టూ పిలిచాడు. "శ్రీదేవి సిస్టర్ ఫోను చేసింది. బస్సుల్లేవట, ఆటో కోసం చూస్తోందట. ఉంటానండి."

లోపల ఒకే కేసు. గుడివాడ పక్క పల్లె అమ్మాయి. బయట బెంచీ మీద నాయనమ్మ కాబోయే పెద్దావిడ, పిల్ల మొగుడు, అతని మేనమామ. ముగ్గురున్నారు, రూలు ప్రకారం ఒకరు ఎక్కువ. వానలో ఎక్కడికి పొమ్మంటాను? వదిలేశాను. పెద్దావిడ చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని తలుపునే చూస్తోంది.

పది పదిహేడుకి బిడ్డ ఏడుపు వినిపించింది. ఒకటే కేక, గట్టిగా. ముగ్గురూ లేచి నిలబడ్డారు. పది ఇరవై ఐదుకి డాక్టరు మేడం లోపలి దారినే ఆపరేషన్ థియేటర్‌కి వెళ్ళిపోయింది, అక్కడింకో అత్యవసరం. పది ముప్పై ఒకటికి తలుపు లోపలినుంచి రెండుసార్లు కొట్టిన చప్పుడు. బిడ్డ సిద్ధం.

నేను ఏఓ గారిని పిలిచాను. "ఫస్ట్ ఫ్లోర్ నుంచి. బిడ్డ సిద్ధం. శ్రీదేవి సిస్టర్ లేదు. ఎస్తేరు సిస్టర్ తెస్తుంది. ఓవర్."

"ఆగండాగండి బాబాయ్ గారూ. వాళ్ళు మా గుడివాడ వైపు వాళ్ళు. నాకు తెలిసినవాళ్ళు. ఐసీయూ నుంచి ఇంకో సిస్టర్‌ని పంపుతున్నా. అప్పటిదాకా తలుపు తియ్యద్దు."

పది నలభై. ఎవరూ రాలేదు. పది నలభై ఐదు. మళ్ళీ పిలిచాను. "ఐసీయూలో ఖాళీ లేదట. శ్రీదేవి ఆటో ఎక్కిందట. పావుగంట."

పిల్ల మొగుడు నా దగ్గరికి వచ్చాడు. చొక్కా చెమటకి తడిసిపోయింది. "మావయ్య గారూ, ఏడుపు వినపడి అరగంటైంది. మళ్ళీ వినపడలేదు. ఏమైనా అయిందా?"

రూలు ప్రకారం నేను నోరెత్తకూడదు. "అంతా క్షేమమే బాబూ," అన్నాను.

పెద్దావిడ విన్నది. "పోయినసారీ క్షేమమే అన్నారు," అంది. "ఇలాగే ఒక్క కేక విన్నాం. ఇలాగే తలుపేశారు. ఇలాగే గార్డు క్షేమమే అన్నాడు. గుడివాడలో అచ్చొచ్చింది కాదని ఇంతదూరం ఇక్కడికి తెచ్చాం. అన్నయ్యా, నిజం చెప్పు. పోయిందా?"

పది యాభై రెండు. ఆవిడ నేల మీద కూలబడి తల కొట్టుకోవడం మొదలుపెట్టింది. మేనమామ గోడకానుకుని కళ్ళు మూసుకున్నాడు. బతికి, నిక్షేపంలా, తలుపుకి ఆవలివైపు మూడడుగుల దూరంలో ఉన్న బిడ్డ కోసం ఆ కుటుంబం ఏడుస్తోంది. ఎందుకు? వాళ్ళ సుఖం కోసమట. కస్టమర్ కంఫర్ట్.

నేను వాకీటాకీ నొక్కాను. "ఫస్ట్ ఫ్లోర్ నుంచి. తలుపు తియ్యద్దన్న ఆర్డరు రాసి పంపండి. రెండు నిమిషాలు చూస్తాను. ఓవర్."

"ఇప్పుడు రాసేదేంటి బాబాయ్ గారూ!"

మధ్యలో గేటు టూ దూరాడు. "పెన్ను కావాలంటే నా దగ్గరుందండి. ఉంటానండి."

రెండు నిమిషాలు గడియారం చూశాను. తర్వాత లాఠీ గోడకి ఆనించి, రెక్క తోశాను.

ఎస్తేరు బిడ్డను గుండెకి హత్తుకుని గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి అలా నిలబడిందో.

"నడువమ్మా," అన్నాను.

"ఆర్డరుందా?"

"తీయద్దని రాసిచ్చిన ఆర్డరు లేదు."

"మీకేం బాబాయ్ గారూ, పెన్షనుంది. నా ఉద్యోగం పోతే మీరిస్తారా? నాకిద్దరు పిల్లలు."

ఆమె అన్నది నిజం. నేను రెక్క పట్టుకుని ఊరికే నిలబడ్డాను. అప్పుడు బయట పెద్దావిడ ఒక్కసారిగా గొల్లుమంది. ఎస్తేరు మొహం మారిపోయింది.

"ఎవరు ఏడుస్తున్నారు?"

"నాయనమ్మ. బిడ్డ పోయిందనుకుంటోంది."

"అయ్యో ప్రభువా!" అంది. నన్ను మోచేత్తో పక్కకి నెట్టింది. తలుపు దాటింది. అప్పటికి టైము పదకొండూ ఒకటి.

"పాపండీ! పాప! బంగారంలా ఉంది, చూడండి. ఏడవకండమ్మా, లేవండి, ఇదిగో పట్టుకోండి."

నేల మీద కూర్చున్న పెద్దావిడ చేతులు చాచింది. ఎస్తేరు కూడా నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని ఒళ్ళో పెట్టింది. పెద్దావిడ గుడ్డ విప్పి వేళ్ళు లెక్కపెట్టింది. ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసింది. అప్పుడు పాప ఇంకో కేక పెట్టింది. ఎస్తేరు ఆ పెద్దావిడ మొహాన్నే చూస్తోంది. పాపను చూడటం లేదు.

ఏడుపు తగ్గగానే పెద్దావిడ సంచీలోంచి చిన్న తేనె సీసా తీసింది.

"తేనె వద్దమ్మా," అంది ఎస్తేరు.

"ఒక్క చుక్కే. మా అత్తగారు నా పిల్లలందరికీ నాకించింది."

"ఒక్క చుక్కా వద్దు. ఆరు నెల్లు తల్లిపాలే. మంచినీళ్ళు కూడా పట్టకూడదు."

"నువ్వు చెప్తే నేను మానాలా?"

"మానాలి. నేను చెప్పకపోతే మేడం గారు నన్ను తిడుతుంది. సీసా ఇటివ్వండి."

సీసా ఆమె జేబులోకి వెళ్ళిపోయింది. ఏ తేనె ఎవరి చేత నాకించాలో అన్న భయంతో ఇన్నేళ్ళు తలుపేశారో, ఆ తేనె అసలు నాకించనే కూడదు. ఆ మాట చెప్పాల్సిన ఉద్యోగం ఆ తలుపు వెనక ఉన్న మనిషిది. ఇంతకంటే చెప్పేదేముంది?

మేనమామకి అప్పటికి ప్రాణం కుదుటపడింది. "మీదేవూరమ్మా?" అన్నాడు.

"నాగాయలంక అవతలండి."

"అక్కడ ఏవూరు?"

చెప్పింది.

"ఊళ్ళో ఎటువైపు?"

మా ప్రాంతంలో ఊరి పేరు మూడుసార్లు అడిగితే, మూడోసారి అడిగేది ఊరు కాదు. ఆ సంగతి ఎస్తేరుకీ తెలుసు.

"చర్చి పక్క పేటండి. ఇంకేమైనా కావాలాండీ?" అంది, కళ్ళలోకి చూస్తూ.

ఆయన ఏదో అనబోయాడు. పెద్దావిడ తలెత్తింది. "నోరు ముయ్యరా నువ్వు. ఇందాకట్నుంచి నేను నేలమీద పడి ఏడుస్తుంటే ఒక్కణ్ణీ ఒక్క మాట అడగలేదు. ఇప్పుడు అడగొచ్చాడు, ఏవూరో ఏ పేటో!" అని, ఎస్తేరు వైపు తిరిగి, "కాన్పు చేసింది నువ్వేనా?" అంది.

"మేడం గారూ నేనూ కలిసి చేశామండి."

పెద్దావిడ సంచీలోంచి లడ్డూ తీసి ఎస్తేరు నోట్లోనే పెట్టింది. తర్వాత తడిగుడ్డ తీసి పాప ఒళ్ళంతా తుడిచింది. ఎందుకు తుడిచిందో నేను అడగలేదు. పుట్టిన బిడ్డను ఎవరైనా తుడుస్తారు. ఏడాదిగా ఆ తలుపు దగ్గర నిలబడి నాకే అనుమానపు కళ్ళొచ్చాయి.

పదకొండూ ఇరవైకి శ్రీదేవి తడిసి ముద్దయి వచ్చింది. బెంచీ వైపు చూసింది, ఎస్తేరు వైపు చూసింది. "హమ్మయ్య," అని గోడకి చేరగిలబడింది.

నాలుగింటికి నాకు పిలుపు.

"చూశారుగా, ఆ మేనమామ అడగనే అడిగాడట!" అన్నారు ఏఓ గారు. ఆ రోజు నవ్వు లేదు.

"అడిగాడు. జవాబు చెప్పింది. అయిపోయింది."

"ప్రతిసారీ ఇలా జరగదు బాబాయ్ గారూ."

"జరగనప్పుడు చూద్దాం. తలుపు తియ్యద్దన్న ఆర్డరు రాసివ్వండి. రాసిస్తే ప్రాణం పోయినా తియ్యను."

"ఇలాంటివి రాస్తారాండీ ఎవరైనా?"

"రాయలేనిది చెప్పకండి."

మర్నాడు నన్ను పార్కింగుకి వేశారు. ఎస్తేరుని కింద ఆపరేషన్ సామాను ఉడకబెట్టి ప్యాకెట్లు కట్టే గదికి వేశారు. ఆమె నాతో పదిరోజులు మాట్లాడలేదు. మాట్లాడకపోవడం న్యాయమే. పదకొండో రోజు డాక్టరు మేడం కాన్పు మధ్యలో చెయ్యి చాచి "ఎస్తేరేది?" అని కేకేసిందట. గంటలో ఆమెను లేబర్ రూంకి తిప్పి పంపారు. చేతులు కావాలి వాళ్ళకి. మనిషి మాత్రం తలుపు దాటకూడదు. పద్ధతి మళ్ళీ మొదలైంది, ఏమీ జరగనట్టే.

ఎండాకాలంలో నా రెండేళ్ళూ నిండాయి. నీలం చొక్కాలు, లాఠీ, విజిలు, వాకీటాకీ అప్పగించాను. రిజిస్టరు అప్పగించాను. నోటుబుక్కు ట్రంకులో పెట్టుకున్నాను. గేటు టూ బస్టాండు దాకా వచ్చాడు. పన్నెండున్నర బస్సు. రెండు కాకుండానే అవనిగడ్డలో దిగాను. ఇంటికెళ్ళి ట్రంకు దించి, భోజనం చేసి, కాగితం తీసుకుని కూర్చున్నాను. మొత్తం మూడు ఉత్తరాలు రాశాను, రిజిస్టరు పోస్టులో. మొదటిది ఏఓ గారికి. జవాబు లేదు. రెండోది ఆసుపత్రి యజమానులకి. అందినట్టు కార్డు వచ్చింది, జవాబు రాలేదు. మూడోదీ యజమానులకే, దానికి నోటుబుక్కు పేజీలన్నీ జిరాక్స్ తీయించి జతచేశాను. ఒకటే అడిగాను. ఆ ఆర్డరు రద్దు చేయండి.

ఇంట్లోవాళ్ళు విసుక్కున్నారు. "ఇంకా ఆ తలుపు దగ్గరే ఉన్నావా?" అన్నారు. ఉన్నాను. కళ్ళు మూస్తే కొండలు కనపడవు, ఇసుక కనపడదు. జానెడు సందు కనపడుతుంది. అందులోంచి వచ్చిన రెండు చేతులు. బిడ్డను ఇంకొకరు అందుకుని వెళ్ళిపోయాక, తలుపు మూసుకునేలోపు, ఆ చేతులు ఒక్క క్షణం అలాగే ఉండేవి. బిడ్డ లేదు. పట్టుకున్న ఆకారం మాత్రం ఉండేది.

మూడు నెలలకి జవాబు వచ్చింది. చదివి మొదట కాగితం విసిరికొట్టాను. సాయంత్రం మళ్ళీ తీసి చదివాను. అసలు కాగితం నా దగ్గర పెట్టుకుని ఒక నకలు ఎస్తేరుకి పంపాను. ఆమె దాన్ని లేబర్ రూం తలుపుకి లోపలివైపు, కంటికి ఎదురుగా అంటించింది. ఏఓ గారు చూశారట. చింపలేదట. చింపితే ఏమని చింపుతారు? గేటు టూ అప్పుడప్పుడూ ఫోను చేస్తాడు. "ఇవాళ ఎస్తేరు సిస్టరే తెచ్చిందండి. ఉంటానండి." ఒక్కోరోజు, "ఇవాళ మళ్ళీ శ్రీదేవి చేతనే తెప్పించారండి. ఉంటానండి." రెండేళ్ళ డ్యూటీ, మూడు ఉత్తరాలు. నేను సాధించింది ఒక జిరాక్స్ కాగితం. అందులో ఉన్నది మొత్తం ఇదే.

"తమ లేఖలు మూడూ అందినవి. నవజాత శిశువులను ఫలానా సిబ్బంది మాత్రమే బంధువుల వద్దకు తీసుకొని రావలెనన్న ఆదేశము ఏదియు ఈ ఆసుపత్రిలో ఎన్నడూ జారీ కాలేదు. జారీ కాని ఆదేశమును రద్దు చేయుట సాధ్యపడదని తెలియజేయడమైనది."